మూగయ్య ఒంటి మీది కారం

వెళ్ళొచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు ఈ యాత్ర గురించి రాయాలనీ, దాన్ని మా వారసత్వ నడక బృందం సంచికలో వేస్తామనీ ప్రెసిడెంటు గారు బస్సు దిగేటప్పుడు చెప్పారు. మంచి విషయాలే రాయమని కూడా చెప్పి నావైపు చూశారు. ఆర్టీసీ రిజర్వేషన్ కౌంటర్లో కూచుని జనంతో గొంతు చించుకుని రిటైరైనదాన్ని నేను. నన్నెందుకు ఎంచుకున్నారో ఆయనకే తెలియాలి. రాసి పంపాను. ఒక ఊరి భాగం తీసేస్తే వేస్తామన్నారు. అది తీసేస్తే ఇందులో మిగిలేది ఉగ్గాని, ఎండ. అందుకే సంచికలో కాకుండా ఇక్కడ చదువుతున్నారు.

మాది కర్నూలు. మా వైపు చేల గట్ల మీద, బడి గోడల పక్కన పాత జైన విగ్రహాలు చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఈ ఎండలోనే జైన సన్యాసులు తిరిగారట, బసదులని గుళ్ళు కట్టుకున్నారట. తర్వాత వాళ్ళు పోయారు, రాళ్ళు మిగిలాయి. కర్నూలు నుంచి కడప దాకా ఊరూరా ఆగి ఆ రాళ్ళు చూసుకుంటూ పోవడమే మా యాత్ర. ఒక మినీ బస్సు, నిండా రిటైరైనవాళ్ళు. నాకు తోడు పక్కింటి నూర్జహాన్. బడిలో సోషల్ చెప్పి ఈమధ్యే రిటైరైంది. విగ్రహాలు చూడ్డానికి మీరెందుకండీ అని బస్సులో ఒకాయన అడిగితే, రాళ్ళు చూడ్డానికి కూడా పాసు కావల్లనా అని ఆయన నోరు మూయించింది.

బేతంచెర్ల దారిలో

పొద్దున టిఫిను ఉగ్గాని, మిరపకాయ బజ్జి. తెలియనివాళ్ళకు చెప్తున్నా, ఉగ్గాని అంటే బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టేది. ప్లేటు నలభై రూపాయలు, బజ్జీలతో కలిపి. హైదరాబాదులో అటుకులకు పసుపు పూసి ఇంతకు మూడింతలు గుంజుతారు. బండి మీద అమ్మేవాడు నా ప్లేటులో అడక్కుండానే ఇంకో బజ్జీ వేశాడు. ఆ రోజు నా మనసు చల్లగా ఉన్నది అక్కడ ఒక్కచోటే.

ఆ దారంతా నాపరాళ్ళు కోసే ఫ్యాక్టరీలు. చెట్ల ఆకులు కూడా తెల్లటి దుమ్ము పట్టి ఉంటాయి. మేము చూడాల్సిన విగ్రహం ఒక గుట్ట కింద ఉంది. నిలబడిన విగ్రహం, మోకాళ్ళ దాకా చేతులు, తల లేదు. కాళ్ళ దగ్గర మనిషి దిగేంత గొయ్యి. గుప్తనిధుల కోసం తవ్వారని గొర్రెలు తోలుకొస్తున్న ఒకాయన చెప్పాడు. ఏమన్నా దొరికిందా అని మావాళ్ళు ఆత్రంగా అడిగారు.

"నిధి యాడుండాదప్పా? ఉంటే ఇంతకాలం మేము గొర్లెందుకు కాస్తాం" అని ఆయన నవ్వుకుంటూ పోయాడు.

నాకు నవ్వు రాలేదు. నా బంగారమేదో ఎత్తుకుపోయినంత మంటగా ఉంది. ఒంటి మీద గుడ్డ పేలిక కూడా ఉంచుకోని సన్యాసి కాళ్ళ కింద బంగారం ఉంటుందని ఏ మూర్ఖుడికి తోచిందో! ఆ మంటలో నేనుంటే, మా ప్రెసిడెంటు గారు తల ఉండాల్సిన చోట బృందం ఫ్లెక్సీ ఆనించి అందర్నీ ఫోటోకు నిలబెట్టారు. నేను నిలబడలేదు. మేడమ్‌కు ఎండ తగిలిందని ఆయన అందరికీ చెప్పారు.

ఊరి పేరు రాయను

కోయిలకుంట్ల ఇంకా కొంత దూరముందనగా బస్సు తారురోడ్డు దిగి నల్లరేగడి చేలల్లోకి తిరిగింది. ఊరి పేరు రాయను. రాస్తే ఇంకో బృందం ఇంకో బ్రష్షు పట్టుకుని బయలుదేరుతుంది.

మొదటి వానకు విత్తిన పత్తి మొలిచి, తర్వాత వాన మొహం చాటేయడంతో రెండాకుల దగ్గరే వాడి నిలబడింది. గట్టు మీద కూర్చున్న విగ్రహం. మనిషి కూర్చుంటే ఎంత ఉంటాడో అంతే. ముక్కు విరిగింది, కళ్ళు సగం మూసుకున్నాయి. ఊరివాళ్ళు ఆయన్ని మూగయ్య అంటారని డ్రైవరు చెప్పాడు. ఆ మూగయ్యకు నెత్తి నుంచి మడిచిన కాళ్ళ దాకా ఎర్రటి ముద్ద పూసి ఉంది, ఎండి పెచ్చులు కట్టింది. కుంకుమనుకుని దగ్గరికి పోయాను. నా కంటే ముందు నూర్జహాన్ తుమ్మింది. అది మిరపకారం.

నిజం చెప్పాలి, నాకు ఒళ్ళు మండింది. అంత ప్రశాంతమైన మొహానికి కారం పూయడానికి చేతులెట్లా వచ్చాయని గట్టిగానే అన్నాను. ప్రెసిడెంటు గారు మా జనం అజ్ఞానం మీద చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఇవాళ ఒక్కరికైనా కనువిప్పు కలిగిద్దామన్నారు. ఎవరికి కలిగిస్తారో అనుకుంటూ, ఆడవాళ్ళకు ఆ చేలల్లో చోటు దొరక్క నేనూ నూర్జహానూ ఊరివైపు నడిచాం.

ఊరి మొదట్లోనే ఒక ఇల్లు. నాపరాళ్ళు పరిచిన వసారాలో ఒకామె సంగటి తింటోంది. పేరు ఓబులమ్మ, వయసు మా ఈడే. బాత్‌రూమ్ చూపించి, తర్వాత కూచోమంది. వద్దంటే వినకుండా చెరొక రాగి ముద్ద పెట్టి పక్కన శనక్కాయల ఊరిబిండి పచ్చడి వేసింది. ఆ కారానికి నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి గానీ మళ్ళీ అడిగి వేయించుకున్నాను. ఆమె మాత్రం ఒట్టి మజ్జిగతో తింటోంది. బీపీనా అని నూర్జహాన్ అడిగింది.

"బీపీ ల్యా, ఏం ల్యా. మూగయ్యకు కారం పూసినా గదమ్మా" అంది ఓబులమ్మ.

అప్పుడు చెప్పింది. విత్తినాక వాన మొహం చాటేస్తే ఆ ఊళ్ళో వంతు ప్రకారం ఒక ఇంటి ఆడమనిషి వట్టిమిరపకాయలు రోట్లో నూరి మూగయ్యకు పూస్తుంది. ఆ మంటను వానే వచ్చి కడగాలి. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. కడిగిందాకా పూసినామె నోటికి ఉప్పూ కారం తగలకూడదు. ఆమె అమావాస్య నుంచి చప్పిడి తింటోంది. ఎండలో కలుపు తీస్తుంటే కాళ్ళు కొంకర్లు పోతున్నాయనీ, మొన్న చేలోనే కళ్ళు తిరిగి పడిందనీ, ఉప్పు తినకపోతే సూది కూడా పని చేయదని ఆరెంపీ డాక్టరు తిట్టాడనీ చెప్పింది. అంత కష్టమెందుకు, పూసి ఊరుకోవచ్చు కదా అన్నాను.

"అదెట్లమ్మా? ఆయన ఒంటికి మంట పెట్టి, మనం ఈడ నాలికకు రుచి చూసుకుంటా కూచుంటే న్యాయమా?"

 అజ్ఞానమో కాదో గానీ, నేను విన్న మొక్కుల్లో దేవుడితో ఇంత సమానంగా బేరం కుదుర్చుకున్నది ఇంకోటి లేదు. వానకు ముందే ఎవరైనా తుడిచేస్తే ఏమవుతుందని నూర్జహాన్ అడిగింది. ఆ ఏడు వాన ఆ ఊరివైపు తిరిగి చూడదనీ, తన చేతి మీదుగానే ఊరి పంట పోయిందని అందరూ అంటారనీ ఓబులమ్మ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తినడం ఆపింది. నేనూ నూర్జహానూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముగ్గురం గబగబా చేనివైపు నడిచాం.

మూగయ్య మెరుస్తున్నాడు. చుట్టూ నేలంతా ఎర్రటి బురద. వాటర్ క్యాన్లు బోర్లాపడి ఉన్నాయి, షాంపూ కవర్లు గాలికి దొర్లుతున్నాయి. మావాళ్ళు ముందు, తర్వాత అని రెండు రకాల ఫోటోలు తీసుకుంటున్నారు. ప్రెసిడెంటు గారి చేతిలో ఇంకా బ్రష్షు ఉంది.

ఓబులమ్మ అరవలేదు. దగ్గరికి పోయి రాతి భుజం మీద చెయ్యి పెట్టి, ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎవరు కడిగారని అడిగింది. మేమేనమ్మా, మీ దేవుడు ఎంత కళగా ఉన్నాడో చూడు అని ప్రెసిడెంటు గారు నవ్వుతూ ముందుకొచ్చారు. ఆమె అక్కడే బురదలో కూలబడింది. అదే చోట నేను ఆయన్ని కొట్టకుండా ఆపింది నూర్జహాన్ నా మోచేతిని పట్టుకున్న పట్టు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని పెద్దలు అంటారు. ఇది అది కూడా కాదు. ఈయన పోయింది ఫోటోకు. ఊళ్ళో ఒక్కరిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

చూస్తుండగానే చేలల్లోంచి జనం వచ్చారు. ఎవరూ చెయ్యెత్తలేదు, బస్సు దారికి మాత్రం ఎద్దులబండి అడ్డం నిలబెట్టారు. మద్దిలేటి అనే పెద్దాయన వచ్చి అంతా విన్నాడు. ప్రెసిడెంటు గారు తెలియక జరిగిందని నీళ్ళు నమిలి, పర్సు బయటికి తీశారు. లోపల పెట్టుకోమన్నాడు మద్దిలేటి. అందరివైపూ తిరిగి ఒకే మాట చెప్పాడు.

"ఓబులమ్మ మళ్ళా పూస్తాది. కడిగినోడే మొయ్యల్ల. వాన కడిగిందాకా ఈయప్ప చప్పిడి తినల్ల. అయితదా సారూ? కాదంటే కాదను, పోయిరా."

కాదంటే కాదను. ఆ మాట మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే బస్సులో ఆయన తనను బలవంతంగా ఒప్పించారని చెప్పుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. ఆయన మూగయ్య తడి మోకాలి మీద చెయ్యి పెట్టి, తప్పకుండా, వాన పడేదాకా ఉప్పూ కారం ముట్టనని అందరి ముందూ పలికారు. ఫోటో కూడా తీయించుకున్నారు. ఓబులమ్మ ఇంటికి పోయి మళ్ళీ నూరుకొచ్చి పూసింది. చివరికొచ్చేసరికి ఆమె అరచేతులు మూగయ్యలాగే ఎర్రగా ఉన్నాయి. గాలి మావైపు తిరిగి అందరం కళ్ళు తుడుచుకున్నాం. బండి పక్కకు లాగారు. ఎక్కబోతుంటే ఓబులమ్మ నా నంబరు అడిగి తన ఫోనులోకి ఎక్కించుకుంది.

కోయిలకుంట్ల భోజనం

ఆ మధ్యాహ్నమే కోయిలకుంట్ల హోటల్లో కూచున్నాం. పప్పు, గుత్తివంకాయ, రసం, ఆవకాయ. అన్నం ఎంత కావాలంటే అంత. మంచి భోజనం, ఊరికే అనకూడదు. ప్రెసిడెంటు గారు నాకు ఎదురుగా కూచున్నారు. ఆయన ఏం చేస్తారోనని చూస్తున్నాను. పప్పు కలిపారు. ఆవకాయ నంజుకున్నారు. సర్వరును పిలిచి ఇంకాస్త ఆవకాయ వేయమన్నారు.

సార్, ఉప్పు మానేస్తానన్నారు కదా అని అడిగాను. ఆయన నవ్వారు. ఆ గొడవలోంచి బయటపడటానికి అన్న మాట అది, ఉప్పును బట్టి వాన పడుతుందా మేడమ్, మీరు చదువుకున్నవారు కదా అన్నారు. టేబుల్ మొత్తం తలూపింది.

నా గొంతు లేచింది. పక్క టేబుళ్ళవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"వాన ఎట్లా పడుతుందో నాకూ తెలుసు సార్. మీరు మాట ఇచ్చినారు. మీ మాట నమ్మి ఆయమ్మ ఈ పూట ఉప్పు తింటుంది. మీరు మొయ్యడంలేదని తెలీకుండా తింటుంది. రేపు పంట పోతే ఊరు ఎవర్ని అంటుంది, మిమ్మల్నా?"

 సర్దుకోండి మేడమ్, సారుకు సుగరు కూడా ఉంది అని ఒకాయన సర్దిచెప్పబోయాడు. సుగరుంటే ఉప్పు తినమన్న డాక్టరు యాడున్నాడో చెప్పమని నూర్జహాన్ ఆయన్ని నిలదీసింది. తర్వాత నాతో, రోజా ఉపవాసమున్న మనిషి ముందు మంచినీళ్ళు తాగడానికే తను సిగ్గుపడుతుందనీ, ఈయన రోజా తనదే అయినా సిగ్గుపడటం లేదనీ మెల్లగా అంది. మిగతా అందరూ తలలు వంచుకుని తిన్నారు. బస్సెడు పెద్దమనుషులు, ఒక్కరికీ ఆవకాయ గొంతులో అడ్డం పడలేదు. ఆ రోజు నుంచి వాళ్ళలో చాలామంది నాతో మాట్లాడటం మానేశారు. నాకు వచ్చిన నష్టమేమీ లేదు.

దానవులపాడు

మరునాడు జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు. ఒకప్పుడు పెద్ద జైన క్షేత్రం. ఇసుకలో కూరుకుపోతే తవ్వి తీశారు. మంచి విగ్రహాలు ఎప్పుడో మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు గోడలు, రాళ్ళు, ఎండ మిగిలాయి. పెన్నలో నీళ్ళు లేవు. ఇసుక మీద మేకలు నడుస్తున్నాయి. మా తుంగభద్రను తిట్టుకునేదాన్ని, పెన్నను చూశాక దానికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక్కడ నిసిధి రాళ్ళు ఉండేవట. ఆహారం కొంచెం కొంచెంగా మానేస్తూ, వ్రతం పట్టి ప్రాణం విడిచినవాళ్ళ గుర్తుగా నిలబెట్టిన రాళ్ళు అవి. మా ప్రెసిడెంటు గారు ఒక గట్టెక్కి వాటి గురించి చెప్పారు. ఆయన బాగా మాట్లాడతారు, అదే నాకు ఇంకా కోపం. నాలుకను జయించినవాడు లోకాన్ని జయించినట్టేనన్నారు. పట్టిన వ్రతం విడవడం కన్నా ప్రాణం విడవడమే మేలనుకున్న మహానుభావులు ఈ నేల మీద నడిచారన్నారు. ఆయన గొంతు వణికింది. ఒకరిద్దరు కళ్ళొత్తుకున్నారు. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులు ఉన్నాయంటారు గానీ, ఎదురుగా నిలబడి వింటుంటే నాకు నిన్నటి ఆవకాయే కనపడింది.

అప్పుడే నా ఫోను మోగింది. ఓబులమ్మ. బాగున్నావా, తిన్నావా అని అడిగి, సారు చప్పిడే తింటున్నాడా అంది. చేతకాకపోతే చెప్పమ్మా, నేనే మళ్ళీ చప్పిడి పడతాను, నాకేం కొత్త కాదు కదా అంది. నేను అబద్ధం చెప్పలేను. నిజం చెప్తే ఆమె ఉప్పు మానేసి మళ్ళీ చేలో పడిపోతుంది. ఈ రెంటి మధ్యా నన్ను ఇరికించిన మనిషి గట్టు దిగి చప్పట్లు అందుకుంటున్నాడు. పోయి ఆయన చేతిలో ఫోను పెట్టాను, స్పీకరు వేసి, అందరూ వినేటట్టు.

"మీరే చెప్పండి సార్. ఓబులమ్మ."

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత ఉపన్యాసం గొంతే వచ్చింది. చప్పిడే తింటున్నానమ్మా, నీళ్ళన్నం, ఒట్టి మజ్జిగ, నువ్వేమీ దిగులు పెట్టుకోకు అన్నారు. ఫోను నా చేతికిచ్చి బస్సువైపు నడిచారు. విన్నవాళ్ళంతా ఆయన వెనకే నడిచారు.

నేను స్పీకరు తీసేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. 

"ఫోను నీ చేతికొచ్చిందా? ఉప్పు తింటాండాడు గదా?" అంది ఓబులమ్మ.

తింటున్నాడన్నాను.

"ఆయప్ప నోట్లో మన్ను పడ. నాకప్పుడే తెలుసు. ఉప్పు ల్యాకుండా బతికే మొగమా అది? మీ బస్సు ఊరు దాటకముందే నేను మళ్ళా పట్టినా. నిజం ఒకమాట చెప్తాడేమోనని చూసినా. చేతకాదంటే చేతకాదనల్ల. మా ఊళ్ళో చేతకాదన్నోన్ని ఎవురూ కొట్టరమ్మా."

కడప

కడపలో నూర్జహాన్ దర్గాకు పోతానంటే బృందాన్ని వదిలి ఇద్దరం ఆటో ఎక్కాం. దారిలో టిఫిన్ సెంటరు దగ్గర ఆపించాను. పెనం మీద ఎర్రకారం దోసెలు కాలుతున్నాయి, ఆ వాసనకు బజారంతా ముక్కులెగరేస్తోంది. ఓబులమ్మ మోస్తున్నది నేను మోస్తే అని నాకో ఆలోచన వచ్చింది. కోపంలో వచ్చిన ఆలోచనే గానీ ఉత్తుత్తిది కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు పెరుగులో కలిపి ఉప్పు లేకుండా తినడం మొదలుపెట్టాను. మూడో ముద్ద గొంతు దిగలేదు. నేను పుట్టింది కర్నూల్లో, మూడో ముద్దకే నా నాలుక నన్ను తిట్టింది. నూర్జహాన్ నవ్వలేదు. ఊరికే తన దోసె సగం తుంచి నా ప్లేటులో పెట్టింది.

అక్కడి నుంచే ఓబులమ్మకు ఫోన్ చేశాను. నేనూ చప్పిడి పడదామనుకున్నాను, నాకు చేతకాలేదు అని చెప్పాను.

"నిన్నెవురు మొయ్యమన్యారు తల్లీ? కడిగింది నువ్వా? తిను, సల్లారిపోతాది" అంది.

తిన్నాను. తినే ప్రతి ముక్కా ఆయన మీద కోపంతోనే తిన్నాను.

మేము ఇల్లు చేరిన వారానికి ప్రెసిడెంటు గారు ఆ రెండు ఫోటోలూ ఫేస్‌బుక్కులో పెట్టారు. కడగక ముందు మూగయ్య, కడిగిన తర్వాత మూగయ్య. మోకాలి మీద చెయ్యి పెట్టిన ఫోటో కూడా ఉంది. కింద అభినందనలు తామరతంపరగా వచ్చాయి. నేను రాసిన వాక్యం ఒక గంట ఉంది, తర్వాత తీసేశారు. అది ఇదే, ఇక్కడ రాస్తున్నాను, ఇక్కడ తీసేవాళ్ళు లేరు: ఆ ఊళ్ళో ఇంకా వాన పడలేదు, ఓబులమ్మ ఇవాళ కూడా చప్పిడి సంగటే తిని కలుపుకు పోయింది.